అమ్మానాన్నలతో శాన్ వాన్ దీవులకు: ఏ రాత్రి ఏ రేవులో?

ప్రశ్న: మేం బెల్‌వ్యూలో ఉంటాం. ఆగస్టులో నాలుగు రోజులు ఆనకోర్టెస్‌లో 34 అడుగుల మోటారు బోటు అద్దెకు తీసుకుని శాన్ వాన్ దీవులు తిరగాలనుకుంటున్నాం. మావారు కోర్సు పూర్తి చేశారు, వాషింగ్టన్ బోటర్ కార్డు కూడా ఉంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, మా ఏడేళ్ల బాబు మాతో వస్తున్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. స్నేహితుల్లో ఒకరు ఫ్రైడే హార్బర్ అంటారు, ఒకరు రోష్ హార్బర్ అంటారు. సూషా దీవి చూడకుండా రావద్దంటారు ఇంకొకరు. కెనడాలోని సిడ్నీ దాకా వెళ్లి రమ్మనేవాళ్లూ ఉన్నారు. ఎక్కడ ఆగాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో నా కళ్లు ఆగింది అమ్మగారి మోకాళ్ల దగ్గర. రేవుల ఎంపిక అక్కడినుంచే మొదలుపెట్టండి. లోతు సరిపోతుందా, డీజిల్ దొరుకుతుందా, దగ్గర్లో హోటల్ ఉందా అని అందరూ చూస్తారు. పెద్దవాళ్లు బోటులోంచి ఒడ్డుకు ఎలా చేరతారన్నది మాత్రం అక్కడికి వెళ్లాకే గుర్తొస్తుంది.

అక్కడ ఆటుపోట్ల తేడా కొన్ని రోజుల్లో పది అడుగుల దాకా ఉంటుంది. మరీనాల్లో (బోట్లు నిలిపే రేవుల్లో) డాకులు, అంటే బోట్లు కట్టే వేదికలు, నీటి మీద తేలుతూ దానితోపాటే లేస్తాయి, దిగుతాయి. గట్టు కదలదు. ఈ రెంటినీ కలిపే ర్యాంపు పోటు వేళ దాదాపు సమంగా ఉంటుంది, ఆటు వేళ ఏటవాలుగా మారుతుంది. పైగా వేసవిలో నీరు బాగా దిగిపోయేది ఎక్కువగా పగటిపూటే.

మా అమ్మది భీమిలి. పుట్టిందీ పెరిగిందీ సముద్రం పక్కనే. ఆవిడను తీసుకెళ్లిన మొదటిసారి నేను నీటిమట్టం వేళలు బోటు కోసం చూశానే గానీ ఆవిడ కోసం చూడలేదు. మేం చేరేసరికి పూర్తిగా ఆటు. సగం ర్యాంపు ఎక్కి, రెయిలింగ్ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. పైకి వెళ్లలేదు, కిందికి దిగలేదు. నీరు లేచి ర్యాంపు ఏటవాలు కాస్త తగ్గేదాకా దాదాపు మూడు గంటలు పక్కనే కూర్చున్నాను. ఆ తర్వాత ఆవిడ ఏ రేవులోనూ ఒడ్డుకు వస్తానని తనంతట తాను అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

మొదటి రాత్రి ఫ్రైడే హార్బర్‌కు వెళ్లండి. ఆనకోర్టెస్ నుంచి సుమారు 20 నాటికల్ మైళ్లు. ఎనిమిది నాట్ల (గంటకు ఎనిమిది నాటికల్ మైళ్ల) వేగంతో రెండున్నర గంటలు పడుతుంది. స్లిప్ (డాకు పక్కన బోటు నిలిపే చోటు) ముందే రిజర్వ్ చేసుకోండి. చేసేటప్పుడు లోపలి వైపు కావాలని, పెద్దవాళ్లున్నారు కాబట్టి ర్యాంపుకు దగ్గరగా ఇవ్వమని అడగండి. బయటి వరసలో ఫెర్రీ వచ్చిపోయినప్పుడల్లా బోటు ఊగుతుంది, నాన్నగారికి నిద్ర పట్టదు. ర్యాంపు దాటితే ఊరు అక్కడే. బాబును వేల్ మ్యూజియంకు తీసుకెళ్లండి, 1979 నుంచి ఉంది. దారిలో ఓర్కాలు (కిల్లర్ వేల్స్) కనిపిస్తే సంతోషమే, కానీ దగ్గరికి పోనివ్వకండి. అక్కడి సదరన్ రెసిడెంట్ ఓర్కాలకు వెయ్యి గజాల దూరంలో ఉండాలని 2025 జనవరి నుంచి వాషింగ్టన్‌లో చట్టం ఉంది.

రెండో రాత్రి రోష్ హార్బర్. ఫ్రైడే హార్బర్ నుంచి నెమ్మదిగా వెళ్లినా గంటన్నర. ఒకప్పుడు సున్నం బట్టీలు నడిచిన ఊరు, 1886లో కట్టిన హోటల్ ఇంకా నిలబడి ఉంది. వేసవిలో సూర్యాస్తమయం వేళ జెండాలు దించే కార్యక్రమం ఉంటుంది. అమ్మగారు డాకు మీద కుర్చీ వేసుకునైనా చూడొచ్చు. నాన్నగారికి చరిత్ర ఇష్టమైతే దగ్గర్లోనే ఇంగ్లిష్ క్యాంప్ ఉంది. 1859లో ఒక పందిని కాల్చి చంపడంతో మొదలైన గొడవలో బ్రిటన్, అమెరికా ఇదే దీవి మీద సైన్యాలు దించాయి. సరిహద్దు 1872లో గానీ తేలలేదు. పంది తప్ప ఎవరూ చనిపోలేదు. ఈ కథ మా నాన్న ఊళ్లో అందరికీ చెప్పేవారు.

సూషా మాటకొస్తే, నాకు ఈ దీవులన్నిట్లో ఇష్టమైనది అదే. కానీ ఈసారి వద్దు. అక్కడ ఎక్కువ బోట్లు మూరింగ్ బోయకు (నీటి అడుగున బిగించి, పైన తేలే గుండుకు) కట్టుకోవాలి, లేదా లంగరు వేయాలి. ఫాసిల్ బేలో చిన్న డాకులున్నా రిజర్వేషన్ లేదు, ముందు వచ్చినవారికే. చోటు దొరక్కపోతే అమ్మగారు ఊగే బోటు వెనక నుంచి డింగీలోకి (ఒడ్డుకు చేర్చే చిన్న పడవలోకి) దిగాలి, డింగీలోంచి గులకరాళ్ల ఒడ్డు మీదికి దిగాలి. మోకాళ్ల నొప్పులతో అది చేయించకండి. మీరిద్దరూ బాబుతో ఇంకో ఏడాది వెళ్లండి.

సిడ్నీ కూడా వద్దు. అమ్మానాన్నలవి ఇండియన్ పాస్‌పోర్టులైతే, అమెరికా వీసా ఉన్నా కెనడాలో దిగడానికి కెనడా వీసా వేరుగా కావాలి. తిరిగొచ్చేటప్పుడు అమెరికా కస్టమ్స్‌కు రిపోర్ట్ చేయాలి. నాలుగు రోజుల్లో ఈ టెన్షన్ ఎందుకు?

మూడో రాత్రికి నేను చెప్పేది మీ స్నేహితులకు నచ్చకపోవచ్చు. ఆనకోర్టెస్‌కు తిరిగి వచ్చేసి క్యాప్ సాంటే మరీనాలో పడుకోండి. ఆగస్టులో పొద్దున్నే పొగమంచు దట్టంగా పడుతుంది, కొన్ని రోజులు మధ్యాహ్నం దాకా విడవదు. నాలుగో రోజు బోటు ఫలానా టైముకు అప్పగించాలంటే, ఆ పొగమంచులో, ఫెర్రీలూ పెద్ద ఓడలూ తిరిగే రొజారియో జలసంధిని దాటాలనే ఒత్తిడి మీవారి మీద పడనివ్వకండి. మూడో రోజు మంచు విడిచాకే బయల్దేరి దాటేయండి. ఐదో రోజు దొరికితే రోష్ హార్బర్‌లో ఇంకో రాత్రి ఉండండి.

రొజారియోలో ప్రవాహం రెండు మూడు నాట్లతో ఎదురైతే మీ ఎనిమిది నాట్లు ఐదారుకు పడిపోతాయి. దానికి ఎదురుగాలి తోడైతే అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి, పెద్దవాళ్లకు కడుపులో తిప్పుతుంది. అందుకని నీటిమట్టం పట్టికతో పాటు ప్రవాహాల పట్టిక కూడా చూడాలి. నీరు ఎత్తులో ఆగిన సమయానికే ప్రవాహం కూడా ఆగుతుందని లెక్కేసుకోకండి, రెండు వేళలూ తరచుగా వేరుగా ఉంటాయి. రేవు ముఖద్వారాల దగ్గర సగం ఎరుపు, సగం తెలుపు ఉన్న బోయలు కనిపిస్తే అవి పీతల బోనులవి. వాటి తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే కదల్లేరు. తేలే దుంగల కోసం ఒకరు ముందు కూర్చుని చూస్తూ ఉండాలి. నాన్నగారికి ఆ పని అప్పగించండి, చాలా శ్రద్ధగా చేస్తారు.

బాబుకు లైఫ్ జాకెట్ డాకు మీద కూడా వేసే ఉంచండి. 19 అడుగుల లోపు పడవ కదులుతున్నప్పుడు 12 ఏళ్లు, ఆలోపు పిల్లలు వేసుకోవాలని వాషింగ్టన్ చట్టం, డింగీ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఆగస్టులో కూడా ఆ నీరు సుమారు 10 డిగ్రీల సెల్సియస్. పడితే ఈత వచ్చినా చేతులు కొద్ది నిమిషాల్లోనే మొద్దుబారిపోతాయి.

వంట గురించి మీరు అడగలేదు గానీ, మొదటి రోజుకు పులిహోర, పెరుగన్నం ఇంటి నుంచే తీసుకెళ్లండి. రేవులో 30 ఆంపుల కరెంటు కనెక్షన్ మీద రైస్ కుక్కర్, రూమ్ హీటర్, వాటర్ హీటర్ మూడూ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. అన్నం ఉడికాక హీటర్ వేయండి. ఇక ఈ రాత్రే మీ తేదీలకు ఫ్రైడే హార్బర్ నీటిమట్టం వేళలు తీసి, అమ్మగారు ర్యాంపు ఎక్కడానికి వీలైన గంటలు ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి. స్లిప్ బుక్ చేసేది ఆ తర్వాతే.