ఖాయం అనే ముందు

చిన్నా,

నువ్వు ఛానెల్ మొదలుపెడుతున్నావని అమ్మ ఫోన్లో చెప్పింది. ఫైటింగ్ గేముల్లో తర్వాత ఏ క్యారెక్టర్లు డీఎల్‌సీగా, అంటే ఆట వచ్చాక విడిగా అమ్మే అదనపు సరుకుగా, వస్తారో చెబుతావట. ఇంటికి ఎవరైనా వస్తే తలుపు చాటుకు పోయే పిల్లాడివి, మైకు ముందు కూర్చుంటున్నావంటే నాకెంత ముచ్చటేసిందో! ఆ తర్వాత మొదటి వీడియో పేరు చెప్పింది: "వచ్చే సీజన్ నలుగురూ ఖాయం". ఇక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మైకు మంచిది కొనుక్కో. ఇంకొకరి క్లిప్పు వాడితే వాళ్ల పేరు చెప్పు. కామెంట్లు పడుకునే ముందు చదవకు. వీటికి నా అవసరం లేదులే, నీకే తెలుసు.

నేను రాస్తున్నది 2018 గురించి. నింటెండో కంపెనీ ఫైటింగ్ గేమ్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ డిసెంబర్ 7న రావాలి. అక్టోబర్ చివర్లో ఒక ఫొటో బయటికొచ్చింది. గ్రించ్ సినిమా ప్రచారం బొమ్మలు అచ్చు వేస్తున్న చోట తీసినట్టుంది. వెనకాల స్మాష్ పోస్టర్, అందులో అప్పటిదాకా ప్రకటించని ఫైటర్లు: బాంజో, జీనో, కెన్, ఐజాక్, ఇంకొందరు. ఆ సినిమా బొమ్మలు నిజమైనవే కాబట్టి పోస్టరూ నిజమే అనుకున్నాం. పక్కనున్నది నిజమైతే ఇదీ నిజమేనన్నమాట! ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నేను ఆ ఫొటోను జూమ్ చేసి, నీడలు ఎటు పడ్డాయో కూడా గీతలు గీసి చూపించాను.

మా ఆటగాళ్ల గ్రూపును అప్పట్లో నేనే నడిపేదాన్ని. అందులో ఒక అబ్బాయి ఉండేవాడు. ఐజాక్ హీరోగా ఉన్న గోల్డెన్ సన్ అనే ఆటంటే ప్రాణం. ఐజాక్ వస్తే తప్ప స్మాష్ కొననని భీష్మించుకుని కూర్చున్నాడు. "ఐజాక్ ఖాయం, రాసి పెట్టుకో" అన్నాను. వాడు రాసి పెట్టుకోలేదు, ఆ రాత్రే ప్రీఆర్డర్ చేశాడు.

నవంబర్ 1న నింటెండో ప్రకటనల ప్రసారం. మిగిలిన ఫైటర్లుగా కెన్, ఇన్సినరోర్ వచ్చారు. ఐజాక్ కూడా కనిపించాడు, అసిస్ట్ ట్రోఫీగా. అంటే పిలిస్తే వచ్చి, కొన్ని క్షణాలు సాయం చేసి పోయేవాడే. వాడితో నువ్వు ఆడలేవు. ఆ అబ్బాయి గ్రూపులో ఒక్క మాటే పెట్టాడు: "అక్కా, ఇక రాడా?"

"నాదే తప్పురా" అని ఉంటే సరిపోయేది. నేను అనలేదు. ఆ సిగ్గు భరించలేక కోపాన్ని ఆ ఆట దర్శకుడు సకురాయ్ మీదికి మళ్లించాను. అభిమానుల్ని మోసం చేశారని, మనసు లేదని, ఇంకా ఇక్కడ రాయలేని మాటలు అందరూ చూసేలా ఆయనకు పంపాను. మోసం చేసిందెవరు? ఐజాక్ వస్తాడని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. చెప్పింది నేను. పైగా డీఎల్‌సీ జాబితా అప్పటికే పూర్తయిందని, ఈసారి ఎంపిక నింటెండోదేనని ఆయన ఆ రోజుల్లోనే చెప్పారు. నా అరుపులకి మారేదేమీ లేదు. ఆ అబ్బాయి వారం తిరక్కుండా గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఎక్కడున్నాడో తెలియదు.

అందుకే నాకు "ఖాయం" అన్న మాటంటే భయం. చాదస్తం అనుకో, పర్వాలేదు. కానీ లెక్క చూడరా. స్ట్రీట్ ఫైటర్ 6కి మొదటి ఏడాది వచ్చింది నలుగురే: రషీద్, ఏకేఐ, ఎడ్, అకుమా. పాత ఆటల్లోంచి జనం అడిగేవాళ్లు పదుల్లో. నువ్వు ఏ నలుగురి పేర్లు చెప్పినా, వినేవాళ్లలో చాలామందికి నిరాశ తప్పదు. అది వాళ్ల ఆశలోంచి వచ్చిన నిరాశ అయితే ఫర్వాలేదు, రెండు రోజులు అలిగి ఊరుకుంటారు. నీ మాట నమ్మి డబ్బు పెట్టాక వచ్చిందైతే అది నీ ఖాతాలో పడుతుంది.

కోపం ఎప్పుడూ తప్పే అనడం లేదు. 2012లో స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్ వచ్చినప్పుడు, తర్వాత అమ్మాలనుకున్న 12 మంది ఫైటర్లు అప్పటికే డిస్క్‌లో ఉన్నారని బయటపడింది. చేతిలో ఉన్నదానికే మళ్లీ డబ్బు అడిగితే ఎవరికైనా మండుతుంది. అలాంటివి గట్టిగా మాట్లాడు, నేనూ వచ్చి కామెంట్ పెడతాను. "నా వాడు రాలేదు" అనేది మాత్రం వేరే సంగతి. ఈ రెండూ ఒకే గొంతుతో అరిస్తే మొదటిదాన్నీ ఎవరూ పట్టించుకోరు.

ఇంకోటి. 2020 జనవరిలో స్మాష్ మొదటి పాస్‌లో, అంటే కట్టగా అమ్మిన డీఎల్‌సీ ఫైటర్లలో, చివరివాడిగా ఫైర్ ఎంబ్లమ్ ఆటలోని బైలెత్‌ని చూపించినప్పుడు "మళ్లీ ఫైర్ ఎంబ్లమేనా, మళ్లీ కత్తేనా" అని గోలగోల అయింది. నేనూ మూతి ముడుచుకున్నాను. తీరా ఆడితే కత్తి ఒక్కటే కాదు, ఈటె, గొడ్డలి, విల్లు కూడా ఉన్నాయి, ఒక్కో దిక్కుకి ఒక్కో ఆయుధం. ఇప్పుడు నేను ఆడేది ఎవరితోనో నీకు తెలుసుగా. కాబట్టి ట్రైలర్ చూసిన గంటలోపు తీర్పు వీడియో పెట్టకు. వారం ఆడి పెట్టు. వ్యూస్ తగ్గుతాయి, తగ్గనీ.

కింగ్‌డమ్ హార్ట్స్ ఆట హీరో సోరా సంగతి చెప్పనే లేదు కదూ. స్మాష్‌లోకి ఎవరు రావాలని 2015లో నింటెండో పెట్టిన ఓటింగ్‌లో అందరికంటే ఎక్కువ మంది కోరింది అతన్నే, వచ్చింది 2021 అక్టోబర్‌లో. ఆ రోజు నేను ఏడ్చాను. మీ అమ్మకు చెప్పకు.

వీడియో పేరు మార్చి, పెట్టే ముందు నాకు పంపు. "నేను ఆశపడే నలుగురు" అని పెట్టుకో, చాలు. శనివారం ఆన్‌లైన్‌లోకి వస్తాను, కంట్రోలర్ ఛార్జింగ్ పెట్టి ఉంచు. పోయినసారిలాగా మధ్యలో ఆగిపోయిందని సాకులు చెప్తే ఊరుకోను.

మీ పిన్ని