లేహ్‌లో దిగిన మర్నాడే పాంగాంగ్ వెళ్లవచ్చా?

ఢిల్లీ నుంచి విమానంలో లేహ్ చేరి మర్నాడే పాంగాంగ్ సరస్సుకు వెళదామనుకుంటున్నామని, రోజూ వ్యాయామం చేస్తాను కాబట్టి ఇబ్బంది ఉండదేమోనని అడిగారు. ఆ ఆలోచన మానుకోండి. మాతో వచ్చినవాళ్లలో మొదట మంచమెక్కింది ఆగకుండా పది కిలోమీటర్లు పరుగెత్తే మా బావమరిదే. గదిలో కాళ్లు చాపుకుని కూర్చున్న మా అత్తగారు చలాకీగా తిరిగారు.

లేహ్ ఎత్తు సుమారు 3,500 మీటర్లు. ఉదయం దిగినప్పుడు ఎవరికీ ఏమీ అనిపించలేదు. అదే మమ్మల్ని మోసం చేసింది. ఎత్తుకు ఒక్కసారిగా వెళ్లడం వల్ల వచ్చే ఈ జబ్బు దిగిన వెంటనే కాక, సాధారణంగా కొన్ని గంటలు గడిచాక బయటపడుతుంది. మధ్యాహ్నం భోజనం కాగానే నేనూ మా బావమరిదీ శాంతి స్తూపం మెట్లెక్కాం. రాత్రికి అతనికి తల పగిలిపోయేంత నొప్పి, వాంతులు. ఢిల్లీలో తిన్నది పడలేదన్నాడు, నేనూ నమ్మాను. తెల్లవారాక ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టించాల్సి వచ్చింది. అంత ఎత్తులో తలనొప్పి వస్తే, మరో కారణం తేలేదాకా ఎత్తునే అనుమానించాలని అక్కడి డాక్టరు చెప్పారు.

గాలిలో ఆక్సిజన్ శాతం అక్కడా 21 దాకా ఉంటుంది. పీడనం తక్కువ కావడంతో ఒక్కో శ్వాసకు అందేది ఇక్కడి దానిలో దాదాపు మూడింట రెండు వంతులే. దానికి శరీరం అలవాటు పడాలంటే రోజులు పడుతుంది, కండబలం అక్కరకు రాదు.

మొదటి రెండు రోజులు గది, భోజనం, నిద్ర. మద్యం, నిద్రమాత్రలు వద్దు. తర్వాత నుబ్రా వెళ్లండి, ఆ లోయ లేహ్ కన్నా కాస్త దిగువనే ఉంటుంది. దారిలో 5,300 మీటర్లు దాటిన ఖర్దుంగ్ లా కనుమ దగ్గర ఫొటోలు తీసుకుని వెంటనే కదలండి. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకూడదంటారు. పాంగాంగ్ 4,200 పైమాటే. అందుకే దాన్ని చివరికి ఉంచుకోండి.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్రను ప్రయాణానికి ముందు రోజు నుంచే మొదలుపెడతారు, సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. సల్ఫా మందులు పడనివారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది, కంగారు పడకండి. మన వాళ్లు కర్పూరం మూటకట్టి తీసుకెళతారు. మా అత్తగారూ తెచ్చారు. వాసన బాగుంటుంది, ఆక్సిజన్ మాత్రం పెరగదు.

కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, మాట తడబడినా, అడుగు వెంట అడుగు వేసి తిన్నగా నడవలేకపోయినా తెల్లవారేదాకా ఆగకండి. ఆ రాత్రే కిందికి దిగాలి. ఆక్సిజన్ దొరికితే దారిపొడవునా పెట్టండి, దాన్ని నమ్ముకుని అక్కడే ఉండిపోవద్దు.

టికెట్లు ఇంకా కొనకపోతే శ్రీనగర్ నుంచి రోడ్డు మార్గం చూడండి. కార్గిల్‌లో, సుమారు 2,700 మీటర్ల దగ్గర, ఒక రాత్రి ఆగవచ్చు. మనాలి దారిలో సర్చూలో పడుకోవాల్సి వస్తే అది 4,200 మీటర్లకు పైన. మొదటిసారి వెళ్లేవారికి నేనైతే ఆ దారి చెప్పను.