తూకం కదలడం లేదని నడక మానకు

చిరంజీవికి,

మావయ్య ఆశీస్సులు. నెల రోజులుగా రోజూ అరగంట నడుస్తున్నా తూకం తగ్గలేదనీ, ఇక మానేస్తాననీ రాశావు. ఇరవై ఏళ్ల కిందట నేనూ సరిగ్గా నెల రోజులకే విసిగిపోయి మానేశాను. మళ్లీ మొదలుపెట్టడానికి రెండేళ్లు పట్టింది. అందుకే ఈ ఉత్తరం వెంటనే రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. నీలా 70 కిలోలున్న మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో అరగంట నడిస్తే సుమారు 120 కేలరీలు ఖర్చవుతాయి. అందులో 35 దాకా ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవే. నడక వల్ల అదనంగా కరిగేది 85. కిలో కొవ్వంటే దాదాపు 7,700 కేలరీలు. భాగించి చూడు, మూడు నెలలు పడుతుంది! నెలకు మూడో వంతు కిలో అన్నమాట. పొద్దున రెండు గ్లాసుల నీళ్లు తాగితే తూకంలో అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది, ఇక ఆ మూడో వంతు నీకెలా కనిపిస్తుంది? అదీ తిండి పెరగకపోతేనే. నేను మాత్రం నడిచొచ్చాను కదా అని రెండు ముద్దలు ఎక్కువే తినేవాణ్ని. చేతి వాచీ చూపించే కేలరీలను నమ్ముకుని తినడం ఇంకా ప్రమాదం, అది చెప్పేది ఉజ్జాయింపే.

మరి నడవడం దేనికంటావా? మెట్లెక్కేటప్పుడు ఆయాసం వస్తోందా, రాత్రి నిద్ర ఎలా పడుతోంది, బీపీ ఎంతుంది, ఇవి చూసుకో. తూకం కన్నా ముందు మారేవి ఇవే. భోజనం చేశాక పది పదిహేను నిమిషాలు నడిస్తే కాళ్ల కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి, షుగర్ ఒక్కసారిగా పెరగదు. అరగంట ఒకేసారి కుదరని రోజున ఇలా ముక్కలు చేసుకున్నా నష్టం లేదు.

వేగం సంగతి. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి, అదీ సరైన నడక. నిమిషానికి 100 అడుగులు పడుతున్నాయేమో లెక్కపెట్టు. ఫోన్ చూస్తూ నడిస్తే ఆ వేగం రాదు, మెడ నొప్పి మాత్రం వస్తుంది. ట్రెడ్‌మిల్ మీదైతే కడ్డీలు పట్టుకోకు, నీ బరువులో కొంత చేతులు మోసేస్తాయి. కాస్త ఎత్తుగా ఉన్న దారి దొరికితే వదలకు, అదే సమయంలో ఎక్కువ కేలరీలు ఖర్చవుతాయి.

రోజుకి 10,000 అడుగులు పడటం లేదని టెన్షన్ పడుతున్నావట. ఆ అంకెను డాక్టర్లు లెక్కకట్టి చెప్పలేదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరుకే 'పదివేల అడుగుల మీటరు' అని అర్థం. అలా పాకిపోయిందది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాలు, ఓ మోస్తరు శ్రమ. నువ్వు ఇప్పటికే 210 చేస్తున్నావు! దానికి తోడు వారంలో రెండు రోజులు కండరాలకు పని పెట్టమంటారు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టు. ఆ ముక్క నాకు చాలా ఆలస్యంగా తలకెక్కింది.

బూట్లు అరిగిపోయినా మార్చకుండా ఒకసారి మొండిగా నడిచాను. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో సూదులు గుచ్చినట్టుండేది. ఆ నొప్పి తగ్గేలోపు వారాలకు వారాలు నడక పోయింది. నొప్పి మొదలవగానే తగ్గించు. గుండెల్లో బిగపట్టినట్టున్నా, కళ్లు తిరిగినా అక్కడే ఆగిపో, ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లు.

రోజూ తూకం ఎక్కడం ఆపెయ్. వారానికి ఒకసారి, ఒకే వేళకి చాలు. ఈ ఆదివారం టేపు తీసి బొడ్డు దగ్గర నడుము చుట్టూ కొలిచి, ఆ అంకె నాకు రాసి పంపు. మూడు నెలల తర్వాత మళ్లీ అడుగుతాను.

మీ మావయ్య