'సింగిల్ విండో' పేరు ఎలా వచ్చింది?

ప్రశ్న: మా ఊరి సొసైటీని పెద్దవాళ్లు 'పరపతి సంఘం' అంటారు, మేం 'సింగిల్ విండో' అంటాం. రెండూ ఒకటేనా? హనుమకొండ జిల్లా ములుకనూరు సంఘం అంత గట్టిగా నిలబడితే, మిగతా చాలా సంఘాలు ఎందుకు చతికిలబడ్డాయి?
– ఒక రైతు, జగిత్యాల జిల్లా

జవాబు: సంఘం ఒకటే. 'పరపతి' పాత మాట, ఇక్కడ దానర్థం అప్పు. బ్రిటిష్ ఇండియాలో 1904లో వచ్చిన చట్టం సంఘాలకు అప్పులివ్వడం ఒక్కటే అప్పగించింది. పంట అమ్మిపెట్టే సంఘాలకు 1912లో గానీ దారి దొరకలేదు. నిజాం ఇలాకా చట్టాలు వేరు.

'విండో' 1987 నాటిది. అంతకుముందు పంట రుణానికి ఊళ్లో సొసైటీ, బావికో మోటారుకో అయితే పట్నంలో భూమి తనఖా బ్యాంకు. కాగితాలు వేరు, తిరుగుళ్లు వేరు. ఆ ఏడు ఆంధ్రప్రదేశ్‌లో రెండింటినీ కలిపి, అప్పులన్నీ ఒకే కిటికీ దగ్గర ఇప్పించారు. జనం నోట ఆ కిటికీయే సంఘం పేరైంది.

ఇక చతికిలబడటం సంగతి. 1951-52 నాటి అఖిల భారత సర్వేలో రైతులు తెచ్చిన ప్రతి వంద రూపాయల అప్పులో సహకార సంఘాలది 3 రూపాయల 10 పైసలే. సొసైటీ విత్తనాలకీ ఎరువులకీ ఇస్తుంది. పెళ్లికీ రోగానికీ ఇచ్చేది అడ్తిదారు, అంటే ధాన్యం అమ్మిపెట్టే దళారి. ధాన్యం అతని కాంటా మీదికే పోతుంది, అతని బాకీ ముందు తెగుతుంది. సొసైటీ వంతు వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండదు. అప్పుడు కొత్త అప్పు రాసి, దానితోనే పాత బాకీ తీరినట్టు చూపిస్తారు. రూపాయి కదలదు, వడ్డీ మాత్రం అసలులో కలిసి పెరుగుతుంది. మా లెక్కన సంఘాలను కరువు కన్నా ఎక్కువ తిన్నది ఈ పుస్తక సర్దుబాటే.

1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి చొరవతో ములుకనూరు సంఘం 373 మంది సభ్యులతో, 2,300 రూపాయల వాటా ధనంతో మొదలైంది. బ్యాంకు, మార్కెటింగు రెండూ దాని పేరులోనే ఉన్నాయి. సభ్యుడి పంట సంఘం దగ్గరే తూగితే బాకీ అక్కడే కోసుకుని మిగతాది చేతికిస్తారు. వసూలుకు ఇల్లిల్లూ తిరిగే పని తగ్గుతుంది.

మీ సంఘం మహాజన సభలో వసూలు శాతం చదివి ఊరుకుంటే ఒప్పుకోకండి. బాకీ కట్టిన రసీదు తేదీ, కొత్త అప్పు ఇచ్చిన తేదీ పక్కపక్కన పెట్టి చూపమనండి. రెండూ ఒకే రోజున పడినవి ఎన్నో లెక్కపెట్టండి.