కెఫిర్ మీరు గ్లాసుతో తాగండి, కోళ్లకు చెంచాతోనే పెట్టండి

సందేహం: తెలిసినవాళ్లు కెఫిర్ గింజలు (పాలను పులియబెట్టే సూక్ష్మజీవులుండే మెత్తటి ముద్దలు) ఇస్తే, పుల్లటి మజ్జిగలాంటి కెఫిర్‌ను ఇంట్లోనే పాలతో చేసుకుంటున్నాం. ఎండలు ముదిరినప్పటి నుంచి పొద్దున పెట్టింది సాయంత్రానికే నీళ్లు ఒకవైపు, గడ్డ ఒకవైపు విడిపోతోంది, పులుపు నోట్లో పెట్టుకోలేం. మేం తాగలేనిదంతా పెరట్లోని పది పెట్టలకు గిన్నెలో పోస్తుంటే ఎగబడి తాగుతున్నాయి. కానీ వారం నుంచి రెట్ట పల్చగా పడుతోంది, గుడ్డు పెంకు కూడా పల్చబడింది. పాలల్లో కాల్షియం ఉంటుంది కదా, ఇంకా ఎక్కువ పోయాలా?

జవాబు: వద్దమ్మా. ఎక్కువ పోయడం సంగతి పక్కన పెట్టండి, ఇప్పుడు పోస్తున్నది కూడా ఒక వారం పూర్తిగా ఆపేసి చూడండి. రెట్ట గట్టిపడితే కారణం కెఫిరే అని మీకే తెలిసిపోతుంది.

కోళ్లకు లాక్టోజ్‌ను, అంటే పాలలోని చక్కెరను అరిగించుకునే ఎంజైమ్ ఉండదు. అరగని ఆ చక్కెర పేగుల చివరిదాకా వెళ్లి అక్కడ పులిసి, నీటిని లాక్కుంటుంది, అందుకే రెట్ట జారుగా పడుతుంది. పులిశాక లాక్టోజ్ అంతా పోతుందని చాలామంది అనుకుంటారు గానీ కెఫిర్ గింజలు తినేది అందులో కొంత భాగమే, మిగతాది అలాగే ఉంటుంది. ఎగబడి తాగుతున్నాయని మురిసిపోకండి, కోళ్లు ఎగబడనిది ఏముంది!

ఇక కాల్షియం లెక్క చూద్దాం. ఒక గుడ్డు పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది, తిన్నదంతా ఒంటికి పట్టదు కాబట్టి గుడ్డు పెట్టే పెట్టకు రోజుకు సుమారు 4 గ్రాములు కావాలి. 100 మిల్లీలీటర్ల పాలలో ఉండేది దాదాపు 120 మిల్లీగ్రాములే. ఆ 4 గ్రాములు కెఫిర్ నుంచే రావాలంటే ఒక్కో పెట్ట రోజుకు మూడు లీటర్లకు పైగా తాగాలి! పైగా కడుపు కెఫిర్‌తో నిండితే దాణా తగ్గించేస్తుంది, దాంతో దాణాలో ఉన్న కాల్షియం కూడా అందకుండా పోతుంది. పెంకు గట్టిపడాలంటే గుడ్ల కోళ్ల దాణాయే ముఖ్యం, దానితోపాటు ఆల్చిప్పల నూకో సున్నపురాయి నూకో విడిగా ఒక గిన్నెలో ఉంచండి, ఏ పెట్టకు ఎంత కావాలో అదే ఏరుకుని తింటుంది.

అయితే తప్పంతా కెఫిర్‌దేనని కూడా అనను. మీరు చెప్పిన మూడు ఇబ్బందుల్లోనూ ఎండ చెయ్యి ఉంది. వేడికి కోడి నోరు తెరిచి రొప్పుతుంది, ఆ రొప్పడంలో ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి పెంకు తయారీకి కావాల్సిన ముడిసరుకు తగ్గిపోతుంది. వేడికి మేత తగ్గించి నీళ్లు ఎక్కువ తాగడంతో రెట్ట ఇంకా పల్చబడుతుంది. నీడ, గాలి, చల్లటి నీళ్లు ముందు చూడండి. దాణా ఉదయం పెందలాడే, మళ్లీ పొద్దు వాలాక పెడితే బాగా తింటాయి.

మీ కెఫిర్ విడిపోవడానికీ ఇదే కారణం. 20 నుంచి 25 డిగ్రీల వేడిలో 18 నుంచి 24 గంటలు పట్టే పని, 30 దాటితే చాలా త్వరగా అయిపోతుంది. దానికితోడు మీ గింజలు పెరిగి ఉంటాయి, పాలు మాత్రం పాత కొలతే పోస్తూ ఉంటారు. అర లీటరు పాలకు ఒక టేబుల్ స్పూన్ గింజలు చాలు, బాగా ఎండగా ఉంటే అందులో సగమే వేయండి, సీసాను చల్లటి నీళ్ల పళ్లెంలో పెట్టండి, గడియారం చూడకుండా చిక్కబడగానే వడకట్టేయండి. పాలు మాత్రం కాచి బాగా చల్లార్చాకే పోయాలి, వేడి పాలు పోస్తే గింజలు చచ్చిపోతాయి. మూత బిగించొద్దు, గ్యాస్ పుట్టి సీసా పగలొచ్చు. నీళ్లు విడిపోయినంత మాత్రాన పాడైనట్టు కాదు, కలిపి తాగొచ్చు. గులాబీ, నారింజ రంగు మచ్చలు, బూజు, కుళ్లు వాసన ఉంటే మాత్రం గింజలతో సహా పారేయండి. అలాంటిది కోళ్లకూ పెట్టొద్దు, అవి చెత్తబుట్టలు కావు.

మీరు తాగేటప్పుడు మొదట అర గ్లాసుతో మొదలుపెట్టండి, లేకపోతే కడుపు ఉబ్బరం టెన్షన్ పెడుతుంది. అందులో కొద్దిగా ఆల్కహాల్ కూడా పుడుతుంది, మామూలుగా ఒక శాతం లోపే. ఏడాది లోపు పసిపిల్లలకు వద్దు. పాల అలర్జీ ఉన్నవాళ్లు అసలు ముట్టుకోకూడదు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడిగాకే తాగాలి.

వారం తర్వాత రెట్ట బాగుపడితే పెట్టకు ఒక టేబుల్ స్పూన్ చొప్పున, వారంలో రెండు మూడు సార్లు, దాణా తడిసేంత మాత్రమే కలిపి పెట్టండి. గంటలోపు తినేయాలి, మిగిలితే తీసేయండి, లేకపోతే ఈగలు ముసురుతాయి. నీళ్ల తొట్టిలో ఎప్పుడూ కలపొద్దు, తొట్టి జిగురు పట్టేస్తుంది. జింకు పూత రేకు గిన్నె కూడా వద్దు, పులుపుకి జింకు కరిగి మేతలోకి దిగుతుంది, అది కోడికి విషం. మట్టి, గాజు, పింగాణీ ఏదైనా సరే. నన్నడిగితే కోళ్లకు కెఫిర్ కంటే మీకు ఎక్కువైన గింజలే చిన్న ముక్కలు చేసి కొంచెంగా వేయడం మేలు.

కోళ్లకు టెట్రాసైక్లిన్ రకం యాంటీబయోటిక్ మందు ఇస్తున్న రోజుల్లో కెఫిర్ పెట్టొద్దు, పాల కాల్షియం ఆ మందును ఒంటికి పట్టనివ్వదు. కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకాకు కెఫిర్ ప్రత్యామ్నాయం కాదు, టీకా వేయించాల్సిందే. వారం ఆపినా రెట్ట అలాగే ఉన్నా, మధ్యలో రక్తం కనిపించినా, కోళ్లు ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చున్నా ఆలస్యం చేయకుండా తాజా రెట్ట ఒక చిన్న డబ్బాలో తీసుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. అది రక్త పారుడు (కాక్సిడియోసిస్) అయితే దానికి మందు వేరు.