టెక్సస్‌లో మైనర్ పిల్లల వేప్ కేసు: ఫైన్ కంటే కోర్టు పంపే అవగాహన కోర్సు మీదే దృష్టి పెట్టండి

మీరు అడిగింది ఇదీ: డాలస్ శివార్లలో ఉంటున్నారు. పదహారేళ్ల అబ్బాయి బ్యాగులో స్కూల్లో వేప్ (ఈ-సిగరెట్) దొరికింది. కొన్ని వారాలకు జస్టిస్ కోర్టు (చిన్న కేసులు చూసే స్థానిక కోర్టు) నుంచి సమన్లు వచ్చాయి. వంద డాలర్లు కట్టేస్తే పోతుందా, గ్రీన్‌కార్డుకు అడ్డమవుతుందా?

డబ్బు కట్టేసి చేతులు దులుపుకుందామనుకోకండి. అసలు 17 నిండని పిల్లల కేసుల్లో ఆన్‌లైన్లో కట్టేసి ముగించే దారి లేదు. పిల్లవాడు అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని జడ్జి ముందు నిలబడి సమాధానం చెప్పాలి. సమన్లు అందాక తల్లిదండ్రులు రాకపోతే అది వాళ్ల మీద వేరే కేసవుతుంది.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది, ఆ వేప్‌లో ఏముంది అన్నది. నికోటిన్ అయితే అది క్లాస్ సీ మిస్‌డిమీనర్, అంటే అన్నిటికంటే చిన్న స్థాయి నేరం, జైలు లేదు, ఫైన్ 100 డాలర్లకు మించదు, కోర్టు ఖర్చులు అదనం. టీహెచ్‌సీ (గంజాయిలోని మత్తు పదార్థం) నూనె అయితే కథ పూర్తిగా వేరు. టెక్సస్‌లో గంజాయి ఆకుకు ఒక లెక్క, దాని నూనెకు ఇంకో లెక్క. గ్రాము కంటే తక్కువ నూనె ఉన్నా అది ఫెలనీయే (తీవ్ర నేరమే), పైగా నూనెలో కలిపిన ఇతర ద్రవాల బరువు కూడా లెక్కలోకి వస్తుంది. 17 నిండని పిల్లలైతే జువెనైల్ కోర్టుకు వెళ్తారు, 17 నిండితే టెక్సస్ నేరచట్టం పెద్దవాళ్లుగానే చూస్తుంది. సమన్ల మీద సెక్షన్ చూడండి. హెల్త్ అండ్ సేఫ్టీ కోడ్ 161.252 అని ఉంటే పొగాకు, ఈ-సిగరెట్ కేసు, ఈ జవాబంతా దాని గురించే. 481తో మొదలైతే అది మాదకద్రవ్యాల కేసు, ఇది చదవడం ఆపి క్రిమినల్ లాయర్‌ను పట్టుకోండి. అబ్బాయిని ఎవరితోనూ, స్కూలు ఆఫీసర్‌తో కూడా, దాని గురించి మాట్లాడనివ్వకండి.

"అందులో నికోటిన్ లేదు, ఉత్త ఫ్లేవరే" అన్న వాదన పనికిరాదు. నికోటిన్‌గానీ ఇతర పదార్థాలుగానీ పీల్చేందుకు వాడే పరికరం ఏదైనా అక్కడి నిర్వచనంలో ఈ-సిగరెట్టే. "ఫ్రెండుది, దాచమంటే దాచాడు" అన్నా అంతే, దగ్గర ఉండటమే నేరం. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో వయసు పరిమితి 18 నుంచి 21కి పెరిగింది. అదే ఏడాది డిసెంబర్‌లో అమెరికా కేంద్ర చట్టమూ 21కి మారింది, కానీ అది అమ్మేవాళ్లను పట్టుకునేదే. దగ్గర పెట్టుకున్న పిల్లల మీద కేసు వేసేది రాష్ట్ర చట్టం. మన దగ్గర 2003 నాటి పొగాకు చట్టం కూడా 18 నిండనివాళ్లకు అమ్మిన దుకాణదారుడినే శిక్షిస్తుంది. అందుకే "పిల్లాడి మీద కేసేమిటి?" అని మనవాళ్లు ముందు నమ్మరు, ఆ ఉత్తరాన్ని పక్కన పడేస్తారు. అదే కొంప ముంచుతుంది.

సమన్లు ఆలస్యంగా రావడానికీ కారణముంది. ఇలాంటి క్లాస్ సీ కేసుల్లో స్కూలు ఆవరణలో పిల్లలకు అక్కడికక్కడే టికెట్ రాయడానికి వీల్లేదు. ఆఫీసర్ కోర్టులో ఫిర్యాదు దాఖలు చేస్తే కోర్టు ఇంటికి పంపుతుంది. ఈలోగా అపార్ట్‌మెంట్ మారిన కుటుంబాలకు ఉత్తరం అందదు. సమన్లు వచ్చాక ఇల్లు మారితే ఏడు రోజుల్లోపు కోర్టుకు రాతపూర్వకంగా కొత్త చిరునామా ఇవ్వాలి.

కోర్టుకు వెళ్లే ముందు క్లర్క్‌కు ఫోన్ చేసి రెండు విషయాలు అడగండి: ఆ కోర్టు ఏ కోర్సును అంగీకరిస్తుంది, మీకు అవసరమైతే తెలుగు దుబాసీని ఏర్పాటు చేస్తారా. దుబాసీని చాలా ముందుగా అడగాలి. తన కేసులో తన మాటలను మీకు అనువదించే పని అబ్బాయికి మాత్రం పెట్టకండి.

నేరం ఒప్పుకున్నా, నోలో కంటెండ్రే (నేరం ఒప్పుకోను, కానీ వాదించను) అన్నా, జడ్జి శిక్షను నిలిపి, రాష్ట్రం ఆమోదించిన ఈ-సిగరెట్, పొగాకు అవగాహన కోర్సుకు పంపాలి. ఇది జడ్జి దయ కాదు, 161.253లో రాసి ఉన్న విధి. తల్లిదండ్రులను కూడా కూర్చోమని ఆదేశించవచ్చు. మారుమూల ఊళ్లలో కోర్సు దొరకకపోతే దాని బదులు 8 నుంచి 12 గంటల సమాజ సేవ. తీర్పు రోజు నుంచి 90 రోజుల్లోపు పూర్తి చేసిన రుజువు కోర్టుకు చేరాలి. మొదటిసారి అయితే కేసు కొట్టేస్తారు. రెండోసారి అయితే కొట్టేయరు, ఫైన్‌ను సగం వరకు తగ్గించవచ్చు, అంతే. మళ్లీ దొరికితే కొట్టేసిన ఈ మొదటి కేసును కూడా లెక్కలోకి తీసుకుంటారు.

ఈ 90 రోజుల్లోనే పనులు చెడిపోతుంటాయి. గూగుల్‌లో ముందు కనబడ్డ కోర్సుకు డబ్బు కడతారు, అది ఆమోదం లేనిది అవుతుంది. స్కూలు చేయించిన వేపింగ్ క్లాసు చాలనుకుంటారు, కోర్టుకు అది చెల్లదు. సర్టిఫికెట్ దానంతటదే కోర్టుకు వెళ్తుందనుకుంటారు. పేరు దగ్గర కూడా చిక్కే: పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలా, స్కూలు రికార్డులో ఇంకోలా ఉంటుంది. సమన్ల మీద ఉన్న పేరుతోనే కోర్సులో నమోదు చేయించి, సర్టిఫికెట్ మీద కేసు నంబర్ రాసి, క్లర్క్ దగ్గర ఇచ్చి, అందినట్టు ముద్ర వేసిన కాపీ తీసుకోండి. మొదటి రెండు వారాల్లోనే నమోదు చేయించడం మంచిది. అబ్బాయి బదులు మీరు కూర్చుని బటన్లు నొక్కకండి. కోర్టును మోసం చేసినట్టవుతుంది, కోర్సు పెట్టిన ఉద్దేశమూ నీరుగారిపోతుంది.

ఇక గ్రీన్‌కార్డు. నికోటిన్ వేప్ ఒక్కటే దాన్ని ఆపే నేరాల్లోకి రాదు. కానీ గ్రీన్‌కార్డు దరఖాస్తు అయిన ఐ-485 ఫారం అరెస్టులనే కాదు, సైటేషన్లు (టికెట్లు), కేసులు కూడా అడుగుతుంది, రాష్ట్ర కోర్టు రికార్డు చెరిపేసినా చెప్పాల్సిందే. వలస చట్టంలో కన్విక్షన్ (దోషిగా తేలడం) నిర్వచనం కూడా వేరు. నేరం ఒప్పుకుని ఏదో ఒక షరతు పడితే, తర్వాత కేసు కొట్టేసినా అది లెక్కకు రావచ్చు. కాబట్టి సమాధానం చెప్పే ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి. కేసు కొట్టేశాక క్లర్క్ దగ్గర ఫిర్యాదు, ఆఖరి ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీలు రెండేసి తీసుకుని ఇంట్లో భద్రపరచండి. ఆ తర్వాతే 161.255 కింద రికార్డు చెరిపేయమని దరఖాస్తు పెట్టండి. ఈ వరుస తిరగబడితే, రేపు ఏం జరిగిందో నిరూపించే కాగితం ఎక్కడా మిగలదు.

స్కూలు క్రమశిక్షణ వేరే దారిలో నడుస్తుంది. కోర్టు కొట్టేసినా అది ఆగదు. 2023 టెక్సస్ చట్టం వేప్ దొరికితే ప్రత్యామ్నాయ క్యాంపస్‌కు (క్రమశిక్షణ కోసం పంపే వేరే బడికి) పంపడం తప్పనిసరి చేసింది, 2025లో మొదటిసారి దొరికినవాళ్ల విషయంలో సడలించారు. మీ డిస్ట్రిక్ట్ ప్రవర్తనా నియమావళి అడిగి తీసుకోండి.

ఇన్ని కాగితాల మధ్య అబ్బాయి అలవాటు మరుగున పడిపోకూడదు. మానేశాక మొదటి మూడు రోజులూ చిరాకు, నిద్రలేమి బాగా ఎక్కువగా ఉంటాయి. అది పొగరు కాదు, నికోటిన్ దిగుతున్న లక్షణం. నికోటిన్ ప్యాచ్‌లు, గమ్ములు 18 లోపు వాళ్లకు దుకాణంలో అమ్మరు, పిల్లల డాక్టర్ సలహాతోనే వాడాలి. ఉచిత కౌన్సెలింగ్‌కు 1-800-784-8669కు ఫోన్ చేయవచ్చు.

సెలవులకు హైదరాబాదో విజయవాడో వెళ్తుంటే బ్యాగులు ఒకసారి వెతకండి. 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్లను భారత్‌లోకి తీసుకురావడమే నిషేధం.