హద్దురాళ్లు చూడబోయే ముందు

చి.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

పిల్లలతో మేసన్–డిక్సన్ గీత, అదే అమెరికాలో పెన్సిల్వేనియాకూ మేరీలాండుకూ మధ్య హద్దు, చూడబోతున్నామని నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచి మనసు నిలవడం లేదు. ముప్పై ఏళ్లు గొలుసు పట్టి హద్దురాళ్లు నాటించిన వాణ్ణి కదా! నీ దగ్గరికి వచ్చినప్పుడు ఆ రాళ్ల కోసం నేనూ తిరిగాను.

ముందు పెన్సిల్వేనియాలోని ఎంబ్రీవిల్ వెళ్లండి. అక్కడి ‘స్టార్‌గేజర్స్ స్టోన్’ చెక్కడమేమీ లేని మామూలు బండరాయి. చుట్టూ చిన్న రాతిగోడ ఉంటుంది. పిల్లలు ‘ఇంతేనా’ అంటారు. అక్కడే కూర్చోబెట్టి చెప్పు: పెన్సిల్వేనియా ఏలిన పెన్, మేరీలాండు ఏలిన కాల్వర్ట్ కుటుంబాలు ఎనభై ఏళ్లు తగవులాడుకున్న హద్దు తేల్చడానికి చార్లెస్ మేసన్, జెరెమయా డిక్సన్ 1763లో ఇంగ్లండు నుంచి వచ్చారు. హద్దు ఎక్కడ పడాలో తేల్చడానికి ఫిలడెల్ఫియా దక్షిణపు కొస నుంచి 15 మైళ్లు దక్షిణానికి కొలవాలి. నేరుగా వెళ్తే డెలావేర్ నది అడ్డం. అందుకని అదే అక్షాంశంలో 31 మైళ్లు పడమరకు జరిగి, ఒక రైతు పొలంలో మకాం వేసి, 1764 చలికాలంలో నడినెత్తి మీదుగా పోయే చుక్కలను చూసి ఆ చోటును ఖాయం చేసుకున్నారు. ఆ చోటుకు గుర్తే ఈ రాయి. ఆ ఓపిక తలచుకుంటే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

తర్వాత గీత మీది రాళ్లు. మైలుకొకటి, మేరీలాండు వైపు ఎం (M), పెన్సిల్వేనియా వైపు పి (P) అక్షరం. అయిదు మైళ్లకొకసారి రెండు కుటుంబాల చిహ్నాలు చెక్కిన రాయి. ఇంగ్లండు నుంచి ఓడల్లో తెచ్చిన సున్నపురాయి అది, వానలకే అరిగిపోతోంది. కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దనివ్వకు, సుద్ద పూయనివ్వకు. సాయంత్రపు ఏటవాలు ఎండలో అక్షరాలు వాటంతటవే లేచి కనిపిస్తాయి.

చాలా రాళ్లు సొంత పొలాల్లో ఉన్నాయి, యజమానిని అడిగే అడుగుపెట్టండి. నవంబరు చివర జింకల వేట కాలం, అప్పుడు వద్దు. మార్చి మొదట్లో అయితే ఆకులుండవు, పిడుదుల బెడదా తక్కువ.

ఇంకొకటి తప్పక చెప్పు. 1767లో డంకర్డ్ క్రీక్ దగ్గర, ఇక ముందుకు రామని ఆదివాసీ దారిచూపరులు ఆగిపోతే కొలత అక్కడితో నిలిచిపోయింది. బానిసత్వం నుంచి పారిపోయి ఉత్తరానికి వచ్చినవాళ్లు దాటిందీ ఈ గీతనే. వాళ్లెవరి గుర్తూ ఆ రాళ్ల మీద లేదు.

దిక్సూచి పట్టుకెళ్లండి. ఎం అక్షరం దక్షిణానికే ఉందో లేదో పిల్లల చేత చూపించి, నాకు రాయించు.

మీ పెదనాన్న